తిప్పలేని గడియారం

"ఎర్ర అంకెలా, తెల్ల అంకెలా, ముళ్ళా?" నేను సొంతంగా చేస్తున్న గోడ గడియారానికి డిస్‌ప్లే ఎంచమని వంటింట్లో అమ్మనడిగాను.

"ముళ్ళే పెట్టు సహనా. చేత్తో తిప్పేకి అవుతుంది."

నాకు నవ్వొచ్చింది. "తిప్పే పనే లేదమ్మా. ఇది శాటిలైటును చూసి తనంతట తానే దిద్దుకుంటుంది. నువ్వు తిప్పినా సరైన టైముకే వచ్చేస్తుంది."

అమ్మ మొహం వాడిపోయింది. మా పాత గడియారం ముందు నడుస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత ముందో అమ్మకొక్కదానికే తెలుసు.

"దాన్ని చూసే కదా మీ నాయన చిక్కబళ్ళాపుర బస్సుకు బిరబిరా పోయేది," అంది మెల్లగా. "ఆయప్ప బస్సుకు పోయినాక, మీ అవ్వ లేచేలోగా, ఒక గ్లాసు కాఫీ కూచోని తాగతాను. నాకంటూ ఉండేది అదొక్కటే."

"సరేమ్మా. ముళ్ళే పెట్టి, ముందు నడిచేటట్టు చేస్తాలే," అన్నాను తల ఎత్తకుండా.

పాతది పావుగంట ముందుందని నిన్ననే లెక్కగట్టి, నాయనకు గొప్పగా చెప్పేశానని మాత్రం అనలేకపోయాను.

ఇంతలో హాల్లోంచి నాయన కేకేశాడు. "ఏమే, ఇంకా శానా టైముండాదంట. ఇంకో రెండు దోసెలెయ్యి."

అమ్మ నావైపు చూసి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.