ఎవరి రక్తంతో చేశారు?

"అసలు ఎవరి రక్తం డాక్టర్ గారూ అది?" ఎరిక్ మళ్లీ అడిగాడు.

డాక్టర్ నరసరాజు కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. మర్నాడే బ్యూలమ్మగారి ఆపరేషన్. కాలేయం మీది గడ్డ తీసెయ్యాలి. కోసినచోట కుట్లు సరిగా నిలవవు కాబట్టి ఒక జిగురు పూస్తారు. ఆ జిగురును మనుషుల రక్తంతోనే చేస్తారు. ఆ ముక్క చెవిన పడ్డప్పట్నుంచీ ఆవిడ కొడుకు ఎరిక్ నిద్రపోలేదు, రాంగోపాల్‌పేట్‌లోని ఆ ఆసుపత్రిలో ఎవర్నీ నిద్రపోనివ్వలేదు.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మరి! ఇంటర్నెట్‌లో ఉన్న వైరస్‌లన్నిటినీ పేరుపేరునా పలకరించి వచ్చాడు.

"ఒకరిది కాదండీ, వేలమందిది. అంతా కలిపి, వైరస్‌లు చచ్చేలా శుద్ధి చేస్తారు."

"వేలమందా! వాళ్లలో ఒక్కడికి రోగముంటే?"

"ముందే పరీక్షలు చేస్తారు. కామెర్లలాంటివి ఎప్పుడైనా వచ్చాయా అని ఆరోగ్యం సంగతులన్నీ అడిగి మరీ తీసుకుంటారు. అయినా ప్రమాదం బొత్తిగా లేదని నేను చెప్పను. చాలా చాలా తక్కువ. జిగురు లేకపోతే మాత్రం రక్తం ఆగడం కష్టం."

"అడిగితే జనం నిజం చెప్తారా సార్? అబద్ధం చెప్పినవాణ్ని పట్టుకెళ్లి జైల్లో తొయ్యాలి! మా అమ్మకేమైనా అయితే..." ఎరిక్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తల్లంటే ప్రాణం పాపం, నటన కాదు.

మంచం మీంచి బ్యూలమ్మ కసిరింది. రిటైరైనా టీచరు గొంతు తగ్గలేదు.

"ఒరేయ్, ఊరుకోరా! కడుపు నాది, భయం నీదా? ఆ ఒప్పుకోలు కాగితం ఇలా ఇవ్వండి డాక్టర్ గారూ, సంతకం నేను పెడతా. ఆ రక్తమిచ్చిన మహానుభావులెవరో, దేవుడు వాళ్లని చల్లగా చూడాలి."

ఎరిక్ కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. 'ప్రభువా, ఆ ఇచ్చినవాళ్లంతా నిజాయితీపరులై ఉండాలి' అని ప్రార్థించుకున్నాడు. ఆమెన్ అనేలోపే జేబులో సెల్ మోగింది. ఆఫీసులో పక్క సీటు పైడిబాబు.

"గురూ, ఎల్లుండి మన ఆఫీసులో రక్తదాన శిబిరం. ఇచ్చినవాళ్లకి మర్నాడు సెలవంట. నీ పేరు రాయించనా?"

"రాయించెయ్, రాయించెయ్! అమ్మ దగ్గర ఉండొచ్చు," అన్నాడు ఎరిక్, ప్రాణం లేచొచ్చి. "నాకు కామెర్లొచ్చిన సంగతి మాత్రం ఎప్పటిలాగే చెప్పను, నువ్వూ నోరు జారకు."