శవం లేచిన షాట్

"కట్! కట్! ఆ శవం ఎందుకు లేచింది?"

ఇటాలియన్ డైరెక్టర్ సాండ్రో నెత్తిమీది టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

అసిస్టెంట్ డైరెక్టర్ జితేందర్ ఆ శవం దగ్గరికి పరుగెత్తాడు.

వర్జీనియాలో గుర్రాల ఫారం ఒకటి పట్టుకుని, దాన్నే ఇటలీ పల్లెగా మార్చి తీస్తున్న చవక యుద్ధ సినిమా అది. పొద్దున జర్మన్లుగా చచ్చినవాళ్లే మధ్యాహ్నం ఇటాలియన్లుగా చస్తున్నారు. గోడ పేల్చడానికి పెట్టిన నాలుగు మందు పొట్లాలకి కూడా చవక వత్తులే. భారతీయ సిపాయిల శవాల వేషాలకి పక్కనున్న షాంటిలీ ఊళ్లో ఇండియన్ షాపు దగ్గర దొరికిన పెద్దవాళ్లను జితేందరే తెచ్చాడు.

ఈ షాట్ కుదిరితే తర్వాతి సినిమాకి రోమ్ తీసుకెళ్తానని సాండ్రో మాటిచ్చాడు. పేల్చడానికి ఇంకో గోడ లేదు.

లేచిన శవం పేరు రాఘవులు.

"అంకుల్! చచ్చినోళ్లు లేస్తారా?"

"మూడే పేలినయి బిడ్డా. నాలుగోది లోపల్నే ఉన్నది. అరగంట దాకా ఎవ్వల్నీ అటు పోనియ్యకు."

మందు పెట్టినతను తల అడ్డంగా ఊపాడు. నాలుగూ పేలాయట, రెండు ఒకేసారి.

"మీకసలే చెవుడు. ఎట్లా లెక్కపెట్టారు?"

"చెవుతోని కాదు, వీపుతోని. పండుకున్నోనికి నేల చెప్తది."

జితేందర్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే యూనిట్ గొల్లుమంది.

"పొగ ఉండగానే ఆ అమ్మాయిని గోడలోంచి పరుగెత్తించు!" సాండ్రో అరిచాడు.

నర్సు వేషంలో ఉన్న ఇషిత కదిలింది. రాఘవులు దారికి అడ్డంగా కూలబడ్డాడు.

"నన్ను తొక్కి పోతవా, బిడ్డా?"

ఇషిత ఆగిపోయింది.

"లేవండి అంకుల్! మీ వల్ల నా లైఫ్ స్పాయిల్ అవుతోంది!"

"కానియ్యి. పానం పోతే రీటేక్ ఉంటదా?"

పొగ విడిపోయింది. ఎండ వాలింది. షాట్ పోయింది.

జితేందర్ ఆయన్ని రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లాడు.

"యూనిఫాం ఇచ్చేసి పోండి. మళ్లీ కనబడితే మర్యాదగా ఉండదు."

రాఘవులు సిపాయి చొక్కా విప్పి, మడతపెట్టి ఇచ్చాడు. బనీనుతోనే, గేటు బయట ఆగి ఉన్న కూతురి కారెక్కాడు.

"ఇంకా పది నిమిషాలున్నయి," అన్నాడు కిటికీలోంచి.

కారు మలుపు తిరిగింది. జితేందర్ వెనక్కొచ్చి సాండ్రో ముందు తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లు సగంలో ఉండగా భూమి అదిరింది.

మిగిలిన గోడ ఎగిరిపోయింది. ఇషిత పరుగెత్తాల్సిన చోట మోకాలి లోతు గుంత.



జితేందర్ రాఘవులు నింపిచ్చిన దరఖాస్తు వెతికి నంబర్ కొట్టాడు. రింగవుతోంది. ఎవరూ ఎత్తలేదు.

నిన్న ఆ దరఖాస్తులో అతను చూసింది చొక్కా కొలత ఒక్కటే.

దాని కిందే, తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలు: 'సింగరేణి బొగ్గుబాయిల మందు పేల్చే పని, ముప్పై ఒక్క ఏండ్లు.'