రెండు పొయ్యిలు

"మార్చి తొమ్మిది, ఆదివారం. ఇదిగో, కుర్రతనంలో ఈ పెద్ద పొయ్యిలోనే చిలగడదుంపలు కాల్చుకు తిన్నామమ్మా," అన్నాడు గట్టు మీది ముసలాయన.

పాతకాలపు ఊరి దిబ్బలో తవ్విన గుంటలో ఉన్న పరిశోధకురాలు తలెత్తలేదు.

"ఉప్పూకారం మీరే తెచ్చుకున్నారా తాతా, రాజుగారు పంపించారా?" అన్నాడు ఆమె సహాయకుడు.

అందరూ నవ్వారు. నవ్వరూ మరి! మొన్నటిదాకా ఆ పొయ్యి మీద నిలువెత్తు మట్టి ఉంది. మెత్తగా ఉండబట్టి తొందరగా వచ్చేసింది, వాళ్ల అదృష్టం.

అడుగున రెండు పొయ్యిలు బయటపడ్డాయి. పెద్దది చూడముచ్చటగా ఉంది. చిన్నదానికి అంచు విరిగింది.

మట్టి కాలి చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు అప్పటి అయస్కాంత ఉత్తర దిక్కును పట్టుకుని బిగుసుకుపోతాయి. ఆ దిక్కు కాలంతోపాటు మెల్లగా జరుగుతుంటుంది కనుక, రేణువుల్ని చదివితే చివరి మంట ఎప్పటిదో తెలుస్తుంది. ఆ దిబ్బ వయసు తేల్చడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

తెల్లారితే రోడ్డు వేసే యంత్రాలు వస్తాయి. దిక్కు గుర్తుపెట్టి మట్టి కోయడానికి ఒక్క పొయ్యికే వ్యవధి ఉంది.

"చిన్నదాన్ని కోయండి తల్లీ. పెద్దది మా చేతుల్లో పాడైంది," అన్నాడు ముసలాయన.

"అలాగే బాబాయిగారూ. ఎండగా ఉంది, నీడకెళ్లి కూర్చోండి," అందామె మెత్తగానే. మంచినీళ్ల సీసా కూడా పంపింది.

పెద్దదాన్నే కోసింది.

ముసలాయన కాసేపు చూశాడు. సీసా మూత బిగించి, గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది. పెద్ద పొయ్యిలో చివరి మంటకు యాభై ఏళ్లు కూడా లేవు.

"దుంపల తాత!" సహాయకుడు నాలుక్కరుచుకున్నాడు.

అప్పటికి చిన్న పొయ్యి మీద బస్సులు తిరుగుతున్నాయి.

టీకొట్టులో అడిగి ఆమె ఆయన ఇల్లు పట్టుకునేసరికి చీకటి పడుతోంది. కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి పది రోజులైందండీ."

ఆమె తానెవరో చెప్పుకుని, చేతిలోని ఫలితం కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆయనకి ఆ పొయ్యి సంగతి ఎలా తెలుసమ్మా?"

"ఆ దిబ్బను మొదట తవ్వింది నాన్నే. మీ ఉద్యోగమే. వివరాలు అచ్చుకాకముందే పైవాళ్లు పని ఆపించేశారు."

"ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే..."

"పొయ్యిలో దుంపలు కాల్చుకున్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్నారు. ఈ మట్టి చదువు అప్పుడు వాళ్లకేం తెలుసు పాపం!"

ఆమె వెనుదిరిగింది.

"తెలీకపోయినా, మన తర్వాత వచ్చేవాళ్లకి మనకంటే ఎక్కువ తెలుస్తుందని, ఆ చిన్నదాన్ని మాత్రం ఎవర్నీ ముట్టనివ్వకుండా తన చేతుల్తోనే మట్టి కప్పి వచ్చారట," అని, కూతురు చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.