చించిన పేజీలు

నా కొడుకు కూతురు తేజస్విని కుప్పంలో వాళ్ల అమ్మమ్మ రత్నమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. దానికోసం మదనపల్లెలో ఒక పిల్లల నవల కొన్నాను. పాళెగాళ్ల కాలంలో కోటలో పనికి పెట్టుకున్న ఒక చిన్నపిల్ల కథ.

మనవరాలిది ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుంటుంది. అంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించేది రత్నమ్మే.

కొన్నది నేను, ముద్దులు ఆయమ్మకా? ఒళ్లు మండింది. ఆఖరి ఆరు పేజీలు చించి బీరువాలో దాచి, పుస్తకాన్ని కుప్పం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. ముగింపు కోసమైనా పిల్ల పుంగనూరులో నా దగ్గరికి రాక ఏం చేస్తుంది?

నెల తిరక్కుండానే వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే పేజీలు తీశాను.

"దామ్మా, ఆ పిల్ల చివరికి ఏమైందో చదువుతా."

"నాకు తెలుసు గదవ్వా! కుప్పం అవ్వ చెప్పేసింది."

మనసు చివుక్కుమంది. "ఎట్ల చెప్పింది? పేజీలే లేవు గదా!"

"యాడో పడిపోయినాయంట. అవ్వకి ఆ కథ ముందే తెలుసంట. ఆ పిల్ల కోటలోంచి తప్పించుకొని, పుంగనూరులో వాళ్లవ్వ దగ్గరికి వచ్చేస్తాది. ఆ అవ్వంటేనే దానికి అందరికంటే ఇష్టమంట. అది వినే నేనూ నీ దగ్గరికి వస్తానంటి."

నా చేతిలోని పేజీల్లో ఆ పిల్ల ఇల్లు చేరదు. పుస్తకం మొత్తంలో అవ్వ అనే మనిషే లేదు.

"అంతేనా అవ్వా?"

పేజీలను వేణ్ణీళ్ల పొయ్యిలోకి తోశాను.

"అంతేనమ్మా. మీ కుప్పం అవ్వ చెప్పిందే కథ."