నాన్న పోలిక

ఒంటిమీద ఇనుప ముక్క ఉంటే మిషన్ ఊరుకోదన్నాడు స్కానింగ్ టెక్నీషియన్. తాళాలాయన జేబులు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. చొక్కా జేబులోంచి ఒక గుత్తి, ప్యాంటు జేబుల్లోంచి చెరొకటి, వెనక జేబులోంచి ఆకురాయి. ట్రే నిండిపోయింది.

"ఊళ్ళోవాళ్ళందరి ఇళ్ళూ మీ జేబుల్లోనే ఉన్నట్టున్నాయే!" అన్నాడు టెక్నీషియన్.

జేబులో ఇళ్ళెలా పడతాయని ఆలోచించాడు తాళాలాయన. అది జోకని తెలిసి నవ్వేసరికి, టెక్నీషియన్ పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. చిన్నప్పటినుంచీ ఇదే వరస. నవ్వాల్సిన చోట నవ్వడు. నవ్వకూడని చోట నవ్వి చీవాట్లు తింటాడు.

ట్రే తీసుకెళ్ళి వరండాలో కూర్చున్న కూతురి ఒళ్ళో పెట్టి వచ్చాడు.

ఆ పిల్లకి ఆటిజం. అలాంటి పిల్లల తల్లిదండ్రుల మెదడు ఎలా ఉంటుందో పరిశోధన చేస్తున్నాం, రమ్మని థెరపీ సెంటర్ వాళ్ళు అడిగారు. పిల్ల స్కానింగ్ కిందటి నెలే అయింది. కానీ తాళాలాయన పరిశోధన కోసం రాలేదు. పిల్ల కోసం వచ్చాడు.

ఓ రోజు అతని తాళాల కొట్లో కూర్చుని, తాళంచెవులు మేకులకి తగిలిస్తూ అడిగిందా పిల్ల.

"అమ్మకి చుట్టూ జనం కావాలి. నాకు వద్దు. నేనెవరి పోలిక?"

చూసినవాళ్ళకి ఆ అనుమానమే రాదు. ఇద్దరూ రోడ్డు మీద గోడ వారనే నడుస్తారు. ఇద్దరికీ కంచంలో అన్నం, కూర ఒకదానికొకటి తగలకూడదు. మిక్సీ మోగిందంటే ఇద్దరి బొటనవేళ్ళూ చెవుల్లోకి పోతాయి. "అచ్చు గుద్దినట్టు నాన్నే!" అంటారు కొట్టుకొచ్చేవాళ్ళు. కానీ ఎవరో అంటే నమ్మే రకం కాదు ఆ పిల్ల. రుజువు కావాలి.

"మెదడు ఫొటో తీస్తారుగా. నువ్వూ తీయించుకో. చూద్దాం" అంది.

పొద్దున బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో ఆపింది.

"అక్కడ అన్నీ అడుగుతారు. సిగ్గు విడిచి చెప్పగలరా?"

"ఉన్నదే చెప్తాను."

"చూద్దాం లెండి" అందావిడ, నమ్మకం లేనట్టు.

స్కానింగుకి ముందే డాక్టరమ్మ అన్నీ అడిగింది. పాప నాన్నగారేనా అంది. చిన్నప్పుడు స్నేహితులుండేవారా, నలుగురిలోకి వెళ్తే ఊపిరాడనట్టు ఉంటుందా, ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూసి మాట్లాడతారా అంది. తాళాలాయన ఆవిడ చెప్పుల వంక చూస్తూ జవాబులు చెప్పాడు. చెప్పినకొద్దీ మొహం కందగడ్డయింది.

మిషన్ లోపల పడుకోబెట్టారు. తలపక్కన ఎవరో రేకుల మీద సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు. చెవులు మూసుకుందామంటే చెయ్యి కదపకూడదు. పళ్ళ బిగువున భరించాడు.

తర్వాత డాక్టరమ్మ తన గదిలోకి పిలిచి, కంప్యూటర్లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, హుషారెక్కువ.

"ఇది చిన్నమెదడు. ఇది మీది, అది పాపది. ఇదిగో, ఇక్కడ రెండూ ఒకేలా అనిపించట్లేదూ? అనిపించినంత మాత్రాన ఏమీ తేలదనుకోండి. చాలామందిని చూస్తేగానీ చెప్పలేం."

తాళాలాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆవిడ చెప్పిన రెండో సగం చెవికెక్కలేదు.

"జన్యుపరీక్షకి ఈ గొట్టంలో కాస్త ఉమ్మేసి ఇవ్వండి. అయిపోతుంది. పాప నమూనాతో పోల్చి చూసుకుంటాం" అందావిడ.

అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

"అది వద్దమ్మా."

"నొప్పేం ఉండదండీ."

"వద్దు. ఆ బొమ్మ కూడా మీ లెక్కలో కలపకండి. తీసేయండి."

"అదేంటండీ? ఎందుకని?"

చెప్పాలనే అనుకున్నాడు. కానీ తలుపు ఓరగా తెరిచి ఉంది. అవతల పిల్ల ఉంది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీనుంచే పాపకి వచ్చిందని తేలితే తలవంపులనుకుంటున్నారా? ఇందులో మీ తప్పేం లేదండీ."

ఆ ఓదార్పు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. సిగ్గుతో చచ్చిపోయాడు తాళాలాయన.

అతను తలెత్తకపోయేసరికి ఆవిడకి విసుగొచ్చింది.

"చాలామంది నాన్నలు ఇంతేనండీ. అసలు సమయానికి పిల్లల్ని వదిలేసి జారుకుంటారు. మీరూ అంతేనన్నమాట."

ఏ ఇంటి తాళమైనా తియ్యగలిగి కూడా, పిలవని గుమ్మం ఏనాడూ తొక్కనివాడు, ఆ గదిలోంచి దొంగలా బయటపడ్డాడు.

వరండాలో పిల్ల తాళంచెవులన్నీ బల్లమీద పొడుగు వరసన పేర్చి కూర్చుంది. తలెత్తకుండానే అడిగింది.

"ఒకేలా ఉన్నాయా?"

"ఒకేలా అనిపిస్తున్నాయంది డాక్టరమ్మ."

"అయితే నేను నాన్న పోలిక" అని తేల్చేసింది పిల్ల. లేచి, ఏ జేబులో గుత్తి ఆ జేబులో వేసింది. ఒక్కటీ తప్పలేదు.

సిగ్గూ సంతోషమూ రెండూ ముంచుకొస్తుంటే, జేబులు తెరిచి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు తాళాలాయన.

ఏళ్ళ కిందట, మొగుడు వదిలేసి పోయిన ఎవరో ఆవిడ, తన రెండేళ్ళ కూతురు తాళం పడిన గదిలో చిక్కుకుపోయిందంటూ కొట్టుకి పరుగెత్తుకొస్తే, వెళ్ళి తలుపు తెరిచి, బొటనవేళ్ళతో చెవులు మూసుకుని ఓ మూల కూర్చున్న ఈ పిల్లని అతను మొట్టమొదటిసారి చూశాడు.