బురద బొమ్మలు

“మళ్లీ ఆ బురదేనా, మిస్ టారంట్? నా వంటింట్లోకి యుద్ధం బొమ్మలు తేవద్దన్నానా?”

ఎల్స్‌పెత్ రొట్టెపిండి పిసుకుతూనే కసిరింది. తల మాత్రం తిప్పలేదు.

అద్దెకుంటున్న ముసలావిడ, నారబట్ట మీద రంగులతో గీసిన ఆ బొమ్మని మెల్లగా చుట్టేసింది. చూపు ముప్పాతిక పోయిన మనిషి. తడుముకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

“మీవాళ్లెవరైనా వెళ్లారా ఆ యుద్ధానికి?”

“సూప్ చల్లారిపోతోంది. తాగండి.”

మాగ్నస్ ఫ్లెట్, ఎల్స్‌పెత్‌కి మొదటి భర్త వల్ల కలిగిన ఒక్కగానొక్క కొడుకు, ఫ్రాన్స్‌లో ఆ యుద్ధంలోనే పోయాడు. ఇప్పుడామె ఇంటిపేరు వేరు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వాడి సమాధి ఎక్కడని ఎల్స్‌పెత్ ఏటా సైన్యానికి ఉత్తరం రాస్తుంది. పదహారేళ్లుగా ఒకటే జవాబు.

ఆచూకీ లేదు.

ఆ చలికాలం మిస్ టారంట్ న్యుమోనియాతో చనిపోయింది. నా అన్నవాళ్లెవరూ రాలేదు.

ఊరి పక్క రెడ్ నది మీద మంచు కరిగాక, ఎల్స్‌పెత్ పెరట్లో గంగాళం పొయ్యి మీదికెక్కించింది. కాస్టిక్ సోడా కలిపి, బొమ్మలు ఒక్కొక్కటే ముంచసాగింది.

పక్కింటి జెస్సీ కంచె మీంచి తొంగిచూసింది.

“ఇదేం వంటే తల్లీ! బొమ్మలు ఉడకబెడుతున్నావా?”

“పిండి సంచుల మీది అచ్చు ఇలాగేగా పోగొడతాం? మేలైన నారబట్ట. పారేయడం దేనికి?”

“ముందోసారి విప్పి చూడవే.”

“మూడేళ్లు చూశాలే. అంతా బురద.”

జూన్‌లో విన్నిపెగ్ పట్నం నుంచి మాజీ సైనికుల సంఘం మనిషి వచ్చాడు.

“మిస్ టారంట్ బొమ్మల కోసం వచ్చానమ్మా.”

ఎల్స్‌పెత్ తీగ మీద ఆరుతున్న, ఆ బట్టతో కుట్టిన తువ్వాళ్లు చూపించింది.

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు.

“యుద్ధం ఆగిన మరుసటేడే ఫ్రాన్స్‌లో ఆ యుద్ధభూమికి వెళ్లిందమ్మా. ఒక్కతే. రేకుల గుడిసెలో ఉండి, కళ్లు చెడేదాకా గీసింది. అంతదూరం రాలేని తల్లులు బిడ్డల సమాధులు చూసుకుంటారని.”

జేబులోంచి ఆవిడ రాసిచ్చిన జాబితా తీసి, గొణుగుతూ చదువుకోసాగాడు.

“పదిహేడో బొమ్మ. చెక్క శిలువ. మాగ్నస్ ఫ్లెట్...”

ఎల్స్‌పెత్ ఆయన పక్కకొచ్చి కాగితం మీదికి వంగింది.

“ఎక్కడ? ఎక్కడని రాసింది?”

“చోటు బొమ్మ వెనక రాశానని ఉందమ్మా.”

తన కొడుకు సమాధి దగ్గర నిలబడి వచ్చిన ఒకే ఒక్క మనిషికి, ఎల్స్‌పెత్ మూడేళ్లపాటు రోజూ సూప్ పోసింది.