చూరుకి వేలాడిన చెట్టు

ఇల్లొదిలి పోతూ సంరాన్ భార్యకి చెప్పింది ఒకటే మాట.

"నా చెట్టు జాగ్రత్త, ఫికుల్. వానలు పడ్డాక వచ్చి తీసుకెళ్తా."

చెట్టంటే అడీనియం, ఎడారి గులాబీ అంటారే, అది. ఏనుగు పాదమంత మొదలు, దాని మీద విరగబూసిన ఎర్రటి పూలు. గుడి జాతర పోటీలో ఏటా మొదటి బహుమతి దానిదే. ఏడాదంతా లారీ తోలే సంరాన్ ఆ రోజుకి దిగి వచ్చేవాడు, దాన్ని బండెక్కించి తీసుకెళ్లేవాడు, మైకు పట్టుకుని "ప్రేమగా చూసుకోవాలండీ, అంతే" అనేవాడు. ఆ మాటకే కాలవ అవతల నూడుల్స్ కొట్టు అరుణీ పడిపోయింది. ఇప్పుడు లారీ కూడా మానేసి ఆవిడ దగ్గరే తిష్ట వేశాడు.

ఇన్నేళ్ల కాపురం గురించి ఒక్క ముక్క లేదు. చెట్టు జాగ్రత్తట. ఫికుల్‌కి ఒళ్లు మండిపోయింది. వాణ్ణి ఏడిపించి తీరాలనుకుంది.

ఎండలు ముదిరాయి. కుండీని వాకిట్లోకి, ఎండ మాడ్చేసే చోటికి ఈడ్చింది. నీళ్లు ఆపేసింది. ఆకులన్నీ దూసి పారేసింది. ఎదురింటి చవీ పిన్ని చూడలేకపోయింది.

"నీకు అదేం చేసిందే, పాపం?"

"మొగుణ్ణి ఎండబెట్టలేను కదా పిన్నీ."

ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకునే కొత్త సంవత్సరం పండగ ముందురోజు చెట్టుని కుండీలోంచి పెరికింది. కత్తి పెట్టి వేళ్లు తెగ్గోసింది. కోసిన చోటల్లా తమలపాకుల్లోకి వాడే ఎర్ర సున్నం పూసింది. పుండు మీద సున్నం రాస్తోంది, ఎంత కసో చూడమని వీధంతా బుగ్గలు నొక్కుకుంది. ఆపైన వేళ్లు పైకి కట్టి, తలకిందులుగా చూరుకి వేలాడదీసింది.

కబురు కాలవ దాటడానికి ఎంతసేపు! పండగ పొద్దున్నే, దారిలో పిల్లలు నీళ్లు పోస్తే తడిసి ముద్దయి, సంరాన్ ఊగిపోతూ వచ్చాడు.

"రాక్షసివే నువ్వు. కోపముంటే నన్ను కొట్టు."

"నిన్ను కొడితే నా చేతులే నొప్పి. కావాలంటే తీసుకుపో. ఇక్కడ ఇంకొన్నాళ్లుంటే దానికేమవుతుందో నాకు బాగా తెలుసు."

పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయాడు. అప్పటికప్పుడు అరుణీ కొట్టు ముందు, మెత్తటి నల్లమట్టిలో నాటి బకెట్టు నీళ్లు గుమ్మరించాడు. పండగ కదా, వచ్చేపోయేవాళ్లంతా అయ్యో పాపమని తలో చెంబు మల్లెల నీళ్లు పోశారు.

పండగ సందడి తగ్గేలోపే మొదలు మెత్తబడిపోయింది. వేలు పెడితే లోపలికి దిగింది. ఆ కంపుకి కొట్టుకి బేరాలు పోయాయి. అరుణీ ముందు చెట్టుని బయట పారేయించింది, తర్వాత సంరాన్‌ని పొమ్మంది.

వీధి వీధంతా ఫికుల్‌నే తిట్టింది. అలా చంపడానికి చేతులెలా వచ్చాయే అని చవీ పిన్ని మొహం మీదే అడిగింది. ఫికుల్ చెట్టు కోసం ఏడ్చింది. వాడి కోసం మాత్రం ఏడవలేదు.

ఎండబెట్టడం, వేళ్లు కోసి సున్నం పూయడం, గాయాలు ఆరేదాకా నీటిచుక్క తగలకుండా వేలాడదీయడం, ఇవన్నీ వాడు లారీ మీదుండే ప్రతి ఎండాకాలమూ ఆ చెట్టుకి ఆమె చేసిన సేవలే. కాకపోతే ఇన్నేళ్లూ పెరట్లో చేసేది, ఈ ఏడు వాకిట్లో చేసింది.